ఫైలు కదలకముందే

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకొని సోలార్ పలకల నీడలో ఒక సైకిల్ బాట సాగుతుంది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కట్టిన ఈ బాట 2023 అక్టోబరు 1న మొదలైంది. ఇక్కడి నుంచి పోలీస్ అకాడమీ కూడలి వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో భాగం కలిపి మొత్తం 23 కిలోమీటర్లు, పైకప్పు మీది పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. మన ఎండలకు ఒక మెగావాట్‌కు ఏడాదికి 14 లక్షల యూనిట్లయినా వస్తాయన్నది ఈ రంగంలో అందరూ వేసే లెక్క. ఆ లెక్కన ఏటా 2 కోట్ల యూనిట్లకు పైగా కరెంటు ఈ బాట మీదే పుట్టాలి. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కంచ గచ్చిబౌలి ఉంది. 2025 మార్చి నెలాఖరున అక్కడి 400 ఎకరాల్లో ఇంకో ప్రభుత్వ సంస్థ, తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, యంత్రాలు దించి చెట్లు తీయించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించింది. రెండు సంస్థలూ ఒకే ప్రభుత్వానివి. రెండూ ఒకే సచివాలయానికి జవాబు చెప్పుకుంటాయి. ఒకచోట ఎండను కరెంటుగా మార్చే బాట, ఇంకోచోట కోర్టు ఆపితేనే ఆగిన యంత్రాలు. ఈ తేడా మంచి అధికారులకూ చెడ్డ అధికారులకూ మధ్య తేడా అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో పర్యావరణం అనేది ఒక పథకంగానో, ఎవరో ఒక అధికారి ఉత్సాహంగానో వస్తోంది తప్ప, ఫైలు నడిచే దారిలో తప్పకుండా దాటాల్సిన ఒక మెట్టుగా లేదు. ఆ మెట్టును కట్టే పద్ధతి ప్రపంచంలో 30 ఏళ్లుగా ఉంది. దాన్నే పర్యావరణ నిర్వహణ వ్యవస్థ అంటున్నారు.

పేరు బరువుగా ఉన్నా లోపలి విషయం తేలికే. ఒక సంస్థ తన పని వల్ల గాలికి, నీటికి, నేలకు ఏమేం జరుగుతున్నాయో ముందు పూర్తిగా రాసుకుంటుంది. వాటిలో పెద్దవి ఏవో తేల్చుకుంటుంది. ఏ చట్టాలు తనకు వర్తిస్తాయో చూసుకుంటుంది. తగ్గించాల్సిన వాటికి లక్ష్యాలు, గడువులు, బాధ్యుల పేర్లు పెట్టుకుంటుంది. పని చేస్తూ నెలనెలా కొలుస్తుంది. ఏడాదికోసారి ఆ విభాగంతో సంబంధం లేని మనుషులతో తనిఖీ చేయిస్తుంది. ఆ తనిఖీ నివేదికను కింది గుమాస్తా కాదు, సంస్థ అధిపతే ముందు పెట్టుకొని ఏం మారాలో నిర్ణయిస్తాడు. ఆపైన మళ్లీ మొదటి నుంచి. 1992లో బ్రిటన్ దీనికి ఒక ప్రమాణం రాసింది. 1996లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్నే ఐఎస్‌ఓ 14001గా విస్తరించింది, 2004లో, 2015లో సవరించింది. 2015 సవరణలో గట్టిగా చెప్పిన మాట, ఈ పనిని ఒక పర్యావరణ అధికారికి అప్పగించి పైవాళ్లు చేతులు దులుపుకోకూడదని. ఫ్యాక్టరీల కోసం పుట్టిన పద్ధతే అయినా ఇందులో ఫ్యాక్టరీకి మాత్రమే పనికొచ్చేది ఏమీ లేదు. పొగగొట్టం లేని ఆఫీసుకు కూడా కరెంటు మీటరు ఉంటుంది, నీళ్ల ట్యాంకు ఉంటుంది, వాహనాలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా సంతకం పెట్టే అధికారం ఉంటుంది.

ముందు మీటరు సంగతి చూద్దాం. ఏ పెద్ద ప్రభుత్వ భవనానికైనా హై టెన్షన్ (హెచ్‌టీ) కనెక్షన్ ఉంటుంది. నెలనెలా వచ్చే ఆ బిల్లు చాలా ఆఫీసుల్లో అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి, గడువులోగా పాసై, ఫైల్లో కట్టబడి బీరువాలోకి చేరుతుంది. దాని మీద చివరి అంకె తప్ప మిగతావి చదివేవాళ్లు అరుదు. కానీ ఆ ఒక్క కాగితం ఆ భవనం గురించి చాలా చెబుతుంది. ఎంత డిమాండుకు ఒప్పందం చేసుకున్నారు, ఆ నెలలో నిజంగా నమోదైన గరిష్ఠ డిమాండు ఎంత, ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాడకం తక్కువైనా ఒప్పంద డిమాండులో 80 శాతానికి డబ్బు కట్టాల్సిందే. అంటే ఎప్పుడో పదేళ్ల కింద అంచనాగా రాసిన అంకెకు ఇవాళ్టికీ జనం సొమ్ము పోతూ ఉండవచ్చు. కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి పాడైన కెపాసిటర్లు మార్చకపోతే పవర్ ఫ్యాక్టర్ పడిపోయి, చేసిన పనికి మించి బిల్లు వస్తుంది. కిందటేడు ఇదే నెలతో పోల్చితే ఏసీలు ఎలా వాడుతున్నారో తెలిసిపోతుంది. 2020 జనవరి నుంచి గది ఏసీలన్నీ 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా కేంద్రం నిబంధన తెచ్చింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. ఇదంతా తెలుసుకోవడానికి కొత్త పరికరం కొనక్కర్లేదు, సలహా సంస్థను పిలవక్కర్లేదు. ఈ బిల్లును ప్రతి నెలా ఫలానా అసిస్టెంట్ ఇంజనీరు చదివి, ఒప్పంద డిమాండు, నమోదైన డిమాండు, పవర్ ఫ్యాక్టర్, వాడకం అనే నాలుగు అంకెలు ఒక పట్టికలో రాసి, తేడా వస్తే కారణం రాసి పైకి పంపాలని ఒక ఉత్తర్వు ఉంటే చాలు. వ్యవస్థ అంటే అదే.

పనికిరావని తేల్చిన, అంటే కండెమ్ అయిన సామాన్ల సంగతి ఇంకా కళ్లెదుటే ఉంటుంది. ఏ కలెక్టరేట్‌లోనైనా, ఏ డైరెక్టరేట్‌లోనైనా ఒక మూల గదిలోనో వరండా చివరో పాత మానిటర్లు, యూపీఎస్‌లు, ప్రింటర్లు, ఉబ్బిపోయిన బ్యాటరీలు దుమ్ము పట్టి ఉంటాయి. కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి, విలువ కట్టాలి, వేలం వేయాలి. వేలంలో ఎక్కువ పాడిన పాత సామాన్ల వ్యాపారి పట్టుకుపోతే ఫైలు ముగుస్తుంది. ఆ తర్వాత ఆ బోర్డులను ఎక్కడ కాలుస్తారు, ఆ సీసం ఏ కాలువలో కలుస్తుంది అన్నది ఫైలుకు పట్టదు. ఇ-వ్యర్థాల నిబంధనలు మాత్రం ఎక్కువ పరికరాలు వాడే ప్రభుత్వ శాఖలను కూడా పెద్ద వినియోగదారులుగానే చూస్తాయి, నమోదైన రీసైక్లర్లకే ఇవ్వమంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలూ అదే దారిలో ఉన్నాయి. అదే రోజు నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు కూడా తప్పనిసరి అయింది. చట్టం ఉంది, గదిలో సామాను ఉంది, మధ్యలో ఎవరి పని ఏమిటో రాసిన కాగితం లేదు. ఐటీ కారిడార్‌లోని ప్రైవేటు కంపెనీల్లో చాలావాటికి ఆ కాగితం ఉంది. వాళ్ల విదేశీ కస్టమర్లు అడుగుతారు కాబట్టి. ప్రభుత్వ కార్యాలయాన్ని అడిగే కస్టమర్లు మనమే. ఇప్పటిదాకా మనం అడగలేదు.

ఇక్కడ ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. ఈ ప్రాంతానికి హరిత భవనాలు కొత్త కాదు. కొత్తగూడలో సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట పొందిన మొట్టమొదటి భవనం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అందులో భాగస్వామి. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఈ చుట్టుపక్కల లేచిన అద్దాల టవర్లలో రేటింగ్ లేనివాటిని వెతుక్కోవాలి. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం కూడా హరిత భవనంగా గుర్తింపు పొందింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ రేటింగ్ ప్రధానంగా కట్టడానికి ఇచ్చే మార్కు, వ్యవస్థ ఆ కట్టడంలో కూర్చున్న సంస్థ నడవడికను పట్టుకునేది. మంచి అద్దాలు, మంచి ఏసీ ప్లాంటు ఉన్న భవనంలో కూర్చొని కూడా ఒక చెరువు పూర్తి నీటిమట్టపు హద్దును (ఎఫ్‌టీఎల్) పట్టించుకోని లేఔట్‌కు సంతకం పెట్టవచ్చు. ఆ సంతకం చేసే నష్టం ముందు ఆ భవనం మిగిల్చిన కరెంటు ఏ మూలకూ రాదు.

ప్రభుత్వాలు తమ మీద తాము ఈ పద్ధతిని పెట్టుకున్న దేశాల అనుభవం రెండు రకాలుగా ఉంది. రెండింటికీ మన ఊరితో చుట్టరికం ఉండటం విశేషం. నానక్‌రామ్‌గూడలో 2023 మార్చి నుంచి అమెరికా కాన్సులేట్ పనిచేస్తోంది, అంతకుముందు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఆ దేశంలో 2000 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఫెడరల్ సంస్థలు పరిమాణాన్ని, పనిని బట్టి తమ కేంద్రాల్లో 2005 చివరికల్లా పర్యావరణ నిర్వహణ వ్యవస్థలు పెట్టుకోవాలని దాని సారాంశం. 2007లో బుష్ దాన్ని ఇంకో ఉత్తర్వులో కలిపి గట్టి చేశారు. పార్టీ మారినా పద్ధతి నిలిచిందనుకున్నారు. ఆ తర్వాత ప్రతి అధ్యక్షుడూ ముందువాడి ఉత్తర్వును తీసేసి తనది పెట్టడం మొదలైంది. 2021 డిసెంబరులో బైడెన్ ఇచ్చినది 2025 జనవరి 20న, ట్రంప్ మళ్లీ పదవిలోకి వచ్చిన తొలిరోజే రద్దయింది. స్వీడన్ దారి వేరు. 1990ల్లోనే అక్కడి ప్రభుత్వ సంస్థల్లో ఈ పద్ధతిని మొదలుపెట్టి, 2009లో దాన్ని ప్రభుత్వ నిబంధనగా మార్చారు. సంస్థలు ఏటా తమ లెక్కలను ఆ దేశ పర్యావరణ సంస్థకు పంపాలి. అవి ఒక్కచోట కూర్చి అందరూ చూసేలా వస్తాయి. ఆ నిబంధనలో ఇంకో కీలకమైన మాట ఉంది: సంస్థ నేరుగా చేసే హానితోపాటు దాని నిర్ణయాల వల్ల ఇతరుల చేతుల మీదుగా జరిగే హానిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇదే స్వీడన్ సాయంతో 1992లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థను పెట్టింది. ఈప్ట్రీ అని అందరూ పిలిచే ఆ సంస్థ ఇవాళ్టికీ నానక్‌రామ్‌గూడ పక్కనే ఉంది. నేర్పే బడి మన వీధిలోనే ఉన్నా మన శాఖలు ఈ పాఠాన్ని తమకు తప్పనిసరి చేసుకోలేదు.

నేరుగా జరిగే హాని, నిర్ణయాల ద్వారా జరిగే హాని అన్న ఈ తేడాలోనే నా వాదన అంతా ఉంది. ఆఫీసులో కాగితం రెండువైపులా వాడటం, లైట్లు ఆర్పడం మంచి అలవాట్లే. కానీ హెచ్‌ఎండీఏ లాంటి సంస్థ వాడే కరెంటు, అది అనుమతి ఇచ్చే భవనాలు రాబోయే 50 ఏళ్లు వాడే కరెంటు ముందు లెక్కలోకే రాదు. ఈ ప్రాంతం చరిత్రే దీనికి సాక్ష్యం. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది, 2008లో అది హెచ్‌ఎండీఏలో కలిసిపోయింది. నిర్మాణ విస్తీర్ణ నిష్పత్తి మీద పరిమితి ఎత్తేసిన నగరం ఇది. నానక్‌రామ్‌గూడ, కోకాపేట, పుప్పాలగూడల్లో 40, 50 అంతస్తుల టవర్లు అందుకే సాధ్యమయ్యాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన ప్రతి కట్టడానికీ ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతులు వస్తున్నాయి. ప్రతి టవరూ తన నీళ్లు, తన మురుగు, తన వాహనాలు ఎంతో విడిగా లెక్క చెప్పుకుంటుంది, విడిగా పాసవుతుంది. పక్కపక్కన 30 టవర్లు లేచినప్పుడు మొత్తం ఎంతైంది, ఆ మొత్తాన్ని ఈ నేల మోయగలదా అన్న ప్రశ్న మాత్రం ఏ ఒక్క ఫైల్లోనూ లేదు. ఎందుకంటే మదింపు ప్రాజెక్టుకు సంబంధించినది. సంస్థ తన నిర్ణయాలన్నీ కలిపి చూసుకోవాలంటే ఆ లెక్క సంస్థలోనే పుట్టాలి. 2024 వేసవిలో నగరం పడమటి వైపు ట్యాంకర్ల కోసం పెరిగిన ఒత్తిడి, అలా ఎవరూ కూడని అంకెల మొత్తమే.

నగరానికి నీళ్లిచ్చి, మురుగును చూసే జలమండలిని చూస్తే ఈ లెక్క ఎంత డబ్బుతో ముడిపడిందో తెలుస్తుంది. 1920లో గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టినప్పుడు నగరానికి నీళ్లు గండిపేట నుంచి పల్లానికి నడిచి వచ్చేవి. ఇవాళ నగరం తాగేవి ప్రధానంగా కృష్ణా, గోదావరి నీళ్లు. కృష్ణా మూడు దశల్లో రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తాయి, ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి నీళ్లు 186 కిలోమీటర్ల పైపుల్లో వస్తాయి. దారి పొడవునా మెట్టు మెట్టుకూ పంపులతో ఎత్తిపోయాలి. నగరానికి చేరిన ప్రతి లీటరులో ఎంతో కొంత కరెంటు కలిసి ఉంది. కాబట్టి మణికొండలోనో షేక్‌పేటలోనో రోడ్డు కింద పైపు పగిలి నీళ్లు పోతుంటే పోతున్నది నీళ్లు మాత్రమే కాదు. ఏ పంపు యూనిట్‌కు ఎన్ని లీటర్లు ఎత్తుతోంది, ఏ జోన్‌లో ఎంత వదిలితే ఎంత బిల్లయింది, ఈ రెండింటినీ ఒకే పట్టికలో చూసే సంస్థ లీకేజీని ఫిర్యాదుగా కాదు, నష్టంగా చూస్తుంది. మురుగు వైపు చూసినా అంతే. 2021 నాటి లెక్కల్లో నగర ప్రాంతంలో రోజుకు సుమారు 1,950 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే శుద్ధి సామర్థ్యం 772 మిలియన్ లీటర్లే. ఆ లోటు తీర్చడానికి 3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. నగరానికి ఇది నిజంగా మేలు చేసే పని, మెచ్చుకోవాల్సిన పని. అయితే శుద్ధి కేంద్రం కట్టడం ఒక్కసారి జరిగే పని, నడపడం రోజూ చేయాల్సిన పని. రాత్రి రెండింటికి బ్లోయర్లు తిరుగుతున్నాయా, బయటకు పోయే నీటిలో మిగిలిన కాలుష్యం (బీఓడీ) ఎంత, తీసిన బురద ఎక్కడికి పోతోంది అన్నవి రోజువారీగా రాసి, తప్పితే ఎవరు జవాబు చెప్పాలో తేల్చకపోతే ఎంత సామర్థ్యం కట్టినా మూసీకి తేడా తెలియదు.

ఇప్పుడు కంచ గచ్చిబౌలికి వస్తాను. ప్రభుత్వం వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆ భూమి 2004లో ఒక క్రీడా సంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేసినది. ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి 2024లో ప్రభుత్వం గెలుచుకున్నది. రెవెన్యూ రికార్డుల్లో అది అడవి కాదు. ఐటీ పెట్టుబడులకు స్థలం కావాలి. ఇవన్నీ నిజమే అనుకుందాం. అయినా ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్నలు చాలా సాధారణమైనవి: ఇలాంటి పనికి పర్యావరణ ప్రభావ మదింపు అనుమతి తీసుకున్నారా? చెట్లు కొట్టడానికి అటవీ అధికారుల నుంచో స్థానిక చట్టాల కిందో అనుమతులు ఉన్నాయా? ఇవి న్యాయమూర్తులు మాత్రమే వేయగల ప్రశ్నలు కావు. ఒక సెక్షన్ సూపరింటెండెంట్ నోట్‌ఫైల్లో మొదటి పేజీలో రాయాల్సిన ప్రశ్నలు. ఆ నేల మీద రాళ్లగుట్టలు, కుంటలు, జింకలు, నెమళ్లు ఉన్నాయని పక్కనున్న విశ్వవిద్యాలయంలో చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ లోపల ఒక నిర్వహణ వ్యవస్థ ఉండి ఉంటే, భూమి చదును చేసే పని ఆ సంస్థ అతిపెద్ద ప్రభావాల జాబితాలో మొదటి వరసలో ఉండేది. ఏ స్థలంలోనైనా పని మొదలయ్యే ముందు చెట్ల లెక్క, నీటి వనరుల లెక్క, జంతుజాలం వివరం, వర్తించే అనుమతులు ఈ నాలుగూ ఫైల్లో ఉంటేనే పని ఉత్తర్వు వెళ్లాలని రాసి ఉండేది. అప్పుడైనా సంస్థ ఆ భూమిని అభివృద్ధి చేయాలనే నిర్ణయించి ఉండవచ్చు. కానీ ఎంత వదలాలి, ఎక్కడ కట్టాలి అన్న చర్చ ముందే, వెలుతురులో జరిగేది. ఇంత దూరం వచ్చాక జరిగిన నష్టం చెట్లకే పరిమితం కాలేదు. పెట్టుబడుల కోసం తలపెట్టిన పని ఆగింది, రాష్ట్రం సుప్రీంకోర్టు ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ పద్ధతి మీద అందరికన్నా బలమైన అభ్యంతరం, ఇది చివరికి గోడకు వేలాడే సర్టిఫికెట్‌గా మిగులుతుందని. అది ఊహ కాదు, అనుభవం. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఐఎస్‌ఓ 14001 ఉంది, విశాఖ పోర్టుకూ ఉంది. పోర్టు 10 మెగావాట్ల సోలార్ ప్లాంటు కూడా పెట్టుకుంది. అయినా విశాఖ పాతనగరంలో డాబా మీద ఆరేసిన బట్టల మీద బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి పడుతోందన్న గోడు దశాబ్దాలుగా ఆగలేదు. సర్టిఫికెట్ ఉండీ ధూళి ఎందుకు ఉంది? ఎందుకంటే ఐఎస్‌ఓ 14001 ఫలానా స్థాయికి మించి కాలుష్యం ఉండకూడదని చెప్పదు. లక్ష్యం నువ్వే పెట్టుకో, దాని వైపు క్రమంగా వెళ్లు అని చెబుతుంది. లక్ష్యాన్ని చిన్నగా పెట్టుకున్న సంస్థ కూడా తనిఖీలో నెగ్గుతుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ కనీసం 36 రైల్వే స్టేషన్లను పర్యావరణహితంగా తీర్చమన్నాక 2019లో గువాహటి స్టేషన్‌తో మొదలై చాలా స్టేషన్లు ఈ సర్టిఫికెట్ తెచ్చుకున్నాయి. ప్లాట్‌ఫామ్‌లు మెరుగయ్యాయి, చెత్త వేరుచేయడం మొదలైంది, అది కాదనలేం. పట్టాల మీద పడే సీసాలు ఎంత తగ్గాయన్నది ప్రయాణికులకు కళ్ల ముందే ఉంది. ఈ అభ్యంతరం నుంచి నేను తీసుకునేది వ్యవస్థ వద్దని కాదు, సర్టిఫికెట్‌ను లక్ష్యం చేసుకోవద్దని. ప్రభుత్వ సంస్థకు బయటి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ కన్నా గట్టి తనిఖీదారు ఉన్నాడు. కొలిచిన అంకెలను నెలనెలా బయట పెడితే పాతనగరం వాసే తనిఖీదారు. పోర్టు లక్ష్యం సరిపోయిందో లేదో అతని డాబా చెబుతుంది.

రెండో అభ్యంతరం సిబ్బంది నోట వినిపించేది: ఉన్న పనికే మనుషులు లేరు, ఇంకో రిజిస్టరా? ఈ మాటలో న్యాయం ఉంది. ఖాళీలు నింపని శాఖలో కొత్త ఫారం పెడితే అది తప్పుడు అంకెలతో నిండుతుంది. అయితే ఇందులో కావలసిన అంకెల్లో ఎక్కువ భాగం ఇప్పటికే ఎక్కడో ఒకచోట రాస్తున్నారు. కరెంటు బిల్లు ట్రెజరీకి పోతోంది, డీజిల్ వాహనం లాగ్‌బుక్‌లో ఉంది, ట్యాంకర్ల ఖర్చు వోచర్లలో ఉంది, కండెమ్ అయిన సామాను స్టాక్ రిజిస్టర్‌లో ఉంది. డబ్బు లెక్క కోసం రాసిన వాటినే యూనిట్ల లెక్కలో ఒక పట్టికలోకి తేవాలి. రాష్ట్ర ప్రభుత్వాల బిల్లులు ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్లోనే పాసవుతున్నాయి కాబట్టి రూపాయలు రాసే చోట పక్కన యూనిట్లు, లీటర్లు రాసే గడి చేర్చడం అసాధ్యం కాదు. అందుకు బదులు కొన్ని పనికిరాని నివేదికలను తీసేస్తే సిబ్బంది సంతోషంగా చేస్తారు.

అభివృద్ధి ఆగుతుందన్నది మూడోది. ముందు నీళ్లు, రోడ్లు, ఉద్యోగాలు, తర్వాతే ఇవన్నీ అనేవాళ్లు నీళ్లూ రోడ్లూ ఈ లెక్కకు బయట ఉన్నాయనుకుంటున్నారు. పైన చెప్పిన పంపులు, శుద్ధి కేంద్రాలు, ట్యాంకర్లు చాలు ఆ పొరపాటు తెలియడానికి. లెక్క లేకుండా పరుగెత్తిన సంస్థే కోర్టు గడప దగ్గర ఎక్కువ కాలం ఆగాల్సి వస్తుందని 400 ఎకరాల కథ చెప్పింది.

ఇక అధికారుల బదిలీలు. దీని గురించి అందరికీ తెలిసినా ఎవరూ మాట్లాడరు. ఒక కమిషనర్ వచ్చి వర్షపు నీటి గుంతలు తవ్విస్తారు, తర్వాత వచ్చినవారికి వాటి పూడిక తీయించడం గుర్తుండదు. కేంద్ర ఇంధన సేవల సంస్థ ఈఈఎస్‌ఎల్‌తో కలిసి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ లక్షల వీధిదీపాలను ఎల్‌ఈడీకి మార్చిన పని ఎంతో విలువైనది, దాంతో కరెంటు ఖర్చు బాగా తగ్గింది. తర్వాతి సంవత్సరాల్లో వెలగని దీపాల మీద, పట్టపగలు ఆరని దీపాల మీద ఫిర్యాదులు పెరిగాయి. కొనుగోలు ఒక నిర్ణయంతో అయిపోతుంది. దాన్ని పదేళ్లు నిలబెట్టేది, కుర్చీలో ఎవరున్నా నెలాఖరుకు ఆ అంకె బల్ల మీదికి వచ్చేలా చేసే ఏర్పాటు. ఐఏఎస్ అధికారి సగటున ఎంతకాలం ఒక కుర్చీలో ఉంటారన్నది మనం మార్చలేకపోవచ్చు. వచ్చే అధికారి ముందు మొదటి వారంలోనే కిందటి మూడేళ్ల నీళ్లు, కరెంటు, మురుగు, చెట్ల పట్టిక ఉండేలా చేయడం మాత్రం మన చేతిలో ఉంది.

మొదలెట్టాలంటే రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఈ కారిడార్‌లో భూమిని, నీటిని, అనుమతులను చేతిలో పెట్టుకున్నవి ప్రధానంగా నాలుగే: హెచ్‌ఎండీఏ, పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, జలమండలి, నగరపాలక సంస్థ. ఈ నాలుగింటికి స్వీడన్ తరహాలో ఒక నిబంధన, ఈప్ట్రీలో శిక్షణ, సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కింద ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే వెబ్‌సైట్‌లో ఏడాది లెక్క పెట్టే బాధ్యత, ఇవి ఒక్క జీవోతో వచ్చే సంగతులు. 2005 నుంచి ఉన్న ఆ సెక్షన్‌కు కొత్త చట్టం కూడా అవసరం లేదు. నానక్‌రామ్‌గూడ సైకిల్ బాట మీది పలకలు కిందటేడు నిజంగా ఎన్ని యూనిట్లు ఇచ్చాయి, ఎన్ని పలకలు పనిచేయడం లేదు అన్నది ఆ లెక్కలో మొదటి గడి కావచ్చు.

రెండో గడి వేలాల్లో ఉండాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ ప్లాట్లలో ఒకటి ఎకరా 100 కోట్లు దాటి అమ్ముడుపోయింది. అలాంటి వేలం పత్రంలో ప్లాటు కొలతలు, రోడ్డు వెడల్పు, అప్‌సెట్ ధర, కట్టాల్సిన గడువులు అన్నీ వివరంగా ఉంటాయి. దాని పక్కనే ఇంకో పేజీ చేరాలి: ఈ ప్లాటు మీద ఎన్ని చెట్లున్నాయి, వాననీరు ఏ చెరువు వైపు పోతోంది, ఇక్కడ కట్టగల గరిష్ఠ విస్తీర్ణానికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, వాటిని ఇస్తానని జలమండలిలో సంతకం పెట్టింది ఎవరు, మురుగు ఏ శుద్ధి కేంద్రానికి పోతుంది, అందులో ఇంకా ఎంత ఖాళీ ఉంది. ఆ పేజీ కింద సంస్థ అధిపతి సంతకం ఉండాలి, అది వేలానికి ముందే జనం చేతికి రావాలి.